నీలం లేని ఏడు

చెరువు అడుగు నుంచి గొట్టంతో తీసిన బురదను నిలువునా చీల్చి, ల్యాబులో బల్ల మీద పరిచింది కూతురు. రంగుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన తండ్రి, చేతులు వెనక్కి కట్టుకుని దాని మీదికి వంగాడు.

“ఏడాదికో పొర నాన్నా. ఈ నీలం గీతలు చూడు. మనిషి వల్ల భూమికి కొత్త యుగమే మొదలైందనడానికి ఇలాంటివే సాక్ష్యం.”

“మనిషికి అంత సీనుందా?”

“ఉంది. ఇది మీ ఫ్యాక్టరీ రంగే.”

“ఒక్కరి పనా అది? తిలాపాపం తలా పిడికెడు.”

“అందుకే కారణం దగ్గర ‘మనుషులు’ అని రాస్తాం. ఎవరి పేరూ ఉండదు.”

ఆయన గుండె కాస్త కుదుటపడింది.

“ఇదొక్కటే అంతు చిక్కట్లేదు నాన్నా. ఈ ఒక్క ఏడు నీలం లేదు. ఫ్యాక్టరీ గానీ మూతపడిందా?”

“లేదమ్మా.”

“మరి?”

“ఏటా ఎండాకాలం తొట్లు కడిగి, ఆ నీళ్లు చెరువులోకి వదిలేవాళ్లం. గేటు తిప్పేది నేనే. ఆ ఏడు తిప్పలేదు. నానా తంటాలు పడి ట్యాంకర్లలో ఊరవతలికి పంపించాను.”

“ఎందుకు?”

“ఆ ఎండాకాలమే నువ్వు చెరువులో ఈత నేర్చుకుంటున్నావు.”

కూతురి వేలు తర్వాతి గీత మీదికి జరిగింది. అది చిక్కటి నీలం.

“మరుసటేడు?”

“అప్పటికి నిన్ను హాస్టల్లో వేశాగా.” ఆయన తలెత్తలేదు.

“నన్ను వేశావు నాన్నా. నాతో ఈత నేర్చుకున్నవాళ్లంతా ఆ నీళ్లలోనే ఈదుతూ ఉండిపోయారు.”