రేణిగుంట నుంచి గంటా పది నిమిషాలు

తిరుపతిలో ఒక ఆసుపత్రి, ఐసీయూ బయట, పొద్దున పదకొండు గంటలు. అవయవదానం పనులు చూసే రేవతి, బంగారుపాళ్యం నుంచి వచ్చిన రాజారత్నం.

"సంతకం పెడతాను లేమ్మా. ముందు అది చెప్పు. రేణిగుంటలో విమానం ఎక్కితే హైదరాబాదుకు ఎంతసేపు?"

"గంటా పది నిమిషాలు సార్. పైన పోతే నాలుగు వందల ఇరవై కిలోమీటర్లే."

"అంతేనా."

"అంతే. ఆడ ఒకాయన ఎదురుచూస్తా ఉన్నాడు. మీ అబ్బాయి గుండె తీసినాక నాలుగు గంటల్లోపల ఆయనకు పెట్టేయాల. గిరికి ఇరవై మూడేండ్లు గదా సార్?"

"వచ్చే నెలకు నిండతాయి. ఫ్యాక్టరీకి బైకు మీద పోతా ఉంటే లారీ తగిలింది. వొంటి మీద గీత కూడా లేదమ్మా. తలకే."

"తెలుసు సార్. ఇక్కడ సంతకం."

"ఇంకోసారి సూసినారా? వేలు కదిలిందని వాళ్లమ్మ అంటా ఉండాది."

"రెండుసార్లు పరీక్ష చేసినారు. మెదడు పోయింది. మిషన్ తీస్తే ఊపిరి ఉండదు."

"వొళ్లు వెచ్చగా ఉండాది గదమ్మా."

"అది మిషన్ వల్ల సార్."

"ఊ... వాళ్లక్క వస్తా ఉండాది. నిస్సీ. హైదరాబాదులోనే బట్టలంగట్లో పని. ఆరుకు బస్సెక్కింది. ఇంకా కర్నూలు కాడే ఉండాదంట. ఈడికొచ్చేసరికి సాయంత్రం ఆరవుతాది."

"విమానం ఒంటిగంటకే దిగుతాది సార్."

"యాడనుంచి?"

"హైదరాబాదు నుంచే. డాక్టర్లను తీసుకొని."

"హైదరాబాదు నుంచేనా? పొద్దున మా పాప ఆడనే ఉండె గదమ్మా. సీటు లేదా అందులో?"

"సీట్లుంటాయి. బయటివాళ్లను ఎక్కించరు."

"బయటివాళ్లా."

"రూలు సార్. నా చేతిలో లేదు."

"అయితే మా పాప బస్సులో ఉండంగానే దాని నెత్తిమీద ఎగిరి వస్తాదన్న మాట."

"సార్, టైము..."

"ఆరుదాకా ఆపండమ్మా. తమ్ముడు ఊపిరి పీలుస్తా ఉండంగా ఒక్కసారి సూసుకుంటాది. అంతే."

"ఆపలేం సార్. ఆడ ఆయన్ను ఆపరేషన్‌కు సిద్ధం చేస్తున్నారు. ఆయనకూ ఇద్దరు పిల్లోళ్లు. ఇక్కడి నుంచి రేణిగుంట దాకా పోలీసులు బండ్లన్నీ ఆపేస్తారు. ఇరవై నిమిషాల్లో..."

"మా గిరి కోసం ఆపుతారా?"

"గుండె కోసం సార్."

"ఊ."

"మీరు చేసేది మంచిపని. ఇక్కడొకటి. కింద ఇంకోటి."

"రాజారత్నం అని రాస్తే చాలా, ఇంటిపేరు కూడానా?"

"ఇంటిపేరుతో... ఆ, చాలు. అయిపోయింది సార్. నేను లోపలికి పోవాల."

"ఉండమ్మా. మొన్న వాణ్ణి ఈడికి తెచ్చినప్పుడు, వెంటనే హైదరాబాదుకు తీసకపోతే బతుకుతాడేమో అని పెద్ద డాక్టరు అనె గదా. ఎంతసేపు పడతాదని పక్కనే ఉన్న నిన్ను అడిగితి."

"అవును సార్."

"పన్నెండు గంటలంటివి. దావలోనే పోతాడంటివి."

"అంబులెన్సులో అంతే సార్."

"గంటా పది నిమిషాలని ఎందుకు చెప్పలేదు?"

"మీరు రోడ్డు గురించే అడిగినారు సార్."