బుగ్గమీది మచ్చ

(పడకగది. గోడకు ఆనించిన తైలవర్ణ చిత్రం. దాని ముందు ఇంటాయన, పాత బొమ్మలు బాగుచేసే మనిషి.)

"మచ్చేదయ్యా?"

"తీసేశాను కద సార్!"

"ఆ మచ్చ కాదయ్యా! స్టూలుకి ఆకుపచ్చ ఆక్రిలిక్ రంగు వేస్తుంటే కుంచె విదిలి చుక్క పడిందని ఫోన్లో చెప్పలా?"

"చుక్కనలేదు సార్. బొమ్మమీద మచ్చ పడింది, వచ్చి తీసెయ్ అన్నారు. చూస్తే బుగ్గమీద నల్లగా మచ్చ. తీసేశా."

"అది మా ఆవిడ పుట్టుమచ్చ!"

"అదా! అందుకే అంత మొండికేసింది. ఆక్రిలిక్ అయితే స్పిరిట్ దూదికి మెత్తబడి పొరలా లేచొస్తుంది. ఇది ఊడదే! చివరికి బ్లేడుతో గీకి, పైన బుగ్గరంగు పూశా."

"మరి చెవిమీద ఆ ఆకుపచ్చ చుక్కో?"

"అది కమ్మలో రాయి కాదా? బాగుందని మెరుగు కూడా పెట్టాను."

"నీ మెరుగు మండిపోనూ! ఇప్పుడిది ఎవరి బొమ్మో తెలుసా? మా మరదలిది."

"మరదలిదా?"

"ఇద్దరూ కవలలు. తేడా అల్లా ఆ మచ్చే. మా ఆవిడకుంది, చెల్లెలికి లేదు. ఓసారి మరదల్ని వెనకనుంచి చూసి 'ఏమే, కాఫీ' అన్నందుకే నాకు మాటా లేదు, మంచమూ లేదు. ఇప్పుడు పడగ్గదిలో దాని బొమ్మే పెట్టుకున్నానంటే..."

"కంగారెందుకు? చుక్కేగా, పెట్టేస్తా. ఎక్కడ?"

"బుగ్గమీద."

"బుగ్గమీద ఎక్కడ?"

"పెదవి పక్కన... ఊహూఁ, కాస్త పైకి. కాదు కాదు..."

"మీ ఆవిడ మొహమే కద సార్!"

"రోజూ చూస్తూనే ఉన్నానయ్యా! ఏంటో, ఒక్కోరోజు ఒక్కోచోట ఉన్నట్టుంటుంది. వానలో తడిసొస్తే కిందికి జారినట్టు కూడా ఉంటుంది. కళ్ళజోడు మార్చాను, అయినా అంతే."

"ఏవండీ! ఎవరొచ్చారు?"

"వచ్చేసింది! అడ్డం నిలబడు. ఏం లేదే, నువ్వు అటు వంటింట్లోకి..."

"తప్పుకోండి. ఏంటిది? నా బొమ్మమీద మచ్చేది?"

"నా తప్పేం లేదే! ఈయన తుడిచేశాడు. నా మనసులో ఉన్నది నువ్వే, ఒట్టు! ఆ రోజు మీ నాన్నతో ఏమన్నాను? చేసుకుంటే ఆ మచ్చున్న అమ్మాయినే చేసుకుంటానన్నానా, లేదా?"

"అన్నారు. ఆ ముక్కే కదా కొంప ముంచింది. ఏమయ్యా, దేంతో తుడిచావు?"

"స్పిరిట్‌తోనమ్మా. ఇదిగో, దూది."

"ఇలా ఇవ్వు. మచ్చున్నదేమో అప్పటికే ఇంకొకర్ని ఇష్టపడింది. నాన్న దాని బదులు నన్ను పెళ్ళిపీటలమీద కూచోబెట్టాడు. రోజూ నేను కాటుకతో పెట్టుకోలేక, అది పౌడరుతో కప్పుకోలేక చస్తున్నాం. ఇన్నాళ్ళకు బొమ్మ నాలా వచ్చింది. ఏవండీ, ఈ బుగ్గ కూడా కాస్త తుడిచేస్తే నేనూ నాలా ఉంటాను."