మా ఇంటి కరెంటు

గాలివాన వెలిసింది. తెగిన కరెంటు తీగలు బాగుచేసే పని ముగించుకొచ్చిన కోడలు గుమ్మంలో బూట్లు విప్పుతోంది. అత్తగారు ఎదురొచ్చింది.

"టీవీ, ఫ్రిజ్ అన్నీ బాగానే ఉన్నాయా అత్తయ్యా?"

"నిక్షేపంలా ఉన్నాయి. మొదటి ఉరుముకే ప్లగ్గులన్నీ పీకేశా. స్విచ్ ఆపితే చాలదని నువ్వేగా చెప్పావు!"

"మరి గోడ గడియారం మంచం మీదుందేంటి?"

"దాన్నీ పీకేశా."

"అది బ్యాటరీతో నడుస్తుంది అత్తయ్యా! పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా?"

"నవ్వు, నవ్వు. పక్కింట్లో స్విచ్ ఆపి ఊరుకున్నారు. వాళ్ళ టీవీ మాడి మసైపోయింది. మనకి గడియారంతో సహా అన్నీ దక్కాయి."

"సరే, కరెంటు వచ్చి చాలాసేపయిందిగా. ఫ్రిజ్ ప్లగ్గు ఇంకా పెట్టలేదేం? పాలు విరిగిపోవూ?"

"విరిగితే విరిగాయి. పక్కింటావిడ కూడా అదే అడిగింది, కరెంటు వచ్చేసిందిగా వదినా, ఇంకా ఎవరికోసం ఆగావూ అని."

"ఏమన్నారు?"

"మీ ఇంటికి తీగల్లో వస్తుందమ్మా, మా ఇంటికి మా కోడలు తెస్తుంది అన్నాను. ఇదిగో ప్లగ్గు, నీ చేత్తో పెట్టు."