కూర్మయ్యింట్లో అడిగిన మాట

హైమని వాళ్ళమ్మ పారమ్మ సటుక్కున సందు అవతలి పక్కకి లాగీసింది, కూర్మయ్య ఇల్లొచ్చీసరికి. అదిగో, అప్పుడంట ఆ పిల్లకి, ఆ గుంటకి, మొదటిపాలి భయమేసింది. అంతవరకూ ధైర్యంగానే ఉంది. ఏటైందంటే, జీడిబట్టీలో పప్పొలిసీ పారమ్మకి రొమ్ములో గడ్డ తేలింది. టౌన్లో డాట్రమ్మ ముక్క తీసి పరీచ్చకి పంపించి, కేన్సరేనమ్మా అని సెప్పీసింది. ఇక్కడ వైద్దిం నేదు, మద్రాసెల్తారో ఇశాపట్నమెల్తారో మీ ఇష్టం, పది రోజుల్లో మొదలెట్టీయాల అన్నాదంట. పారమ్మకి మొగుడు నేడు, ఉన్నదల్లా ఈ ఒక్క గుంట, డిగ్రీ పాసయ్యింది. సదువుకున్న కూతురు ఎక్కడికంటే పారమ్మ అక్కడికే ఎల్తాదనుకున్నారా? ఎల్లదు. మన పద్దతేటి? జబ్బుకి దారి అడగాలంటే బతికి తిరిగొచ్చినోళ్ళింటికే ఎల్లాల. సావింటి గడప తొక్కి మందు మాట అడిగితే, ఆ సావు మనెంట వచ్చీస్తాదని కదా భయం! అలాగే మూడిళ్ళు తిరిగేరు. అలా బతికి తిరిగొచ్చిన తవిటమ్మయితే, "ఓలప్పా, కళ్ళు మూసుకుని మద్రాసెల్లిపో. నానేటి దెయ్యాన్నా? నీ ఎదుట కూకుని బియ్యం సెరగట్నేదా?" అని నవ్విందంట. మూడిళ్ళలోనూ మద్రాసే.

మరి కూర్మయ్య పెళ్ళాం? ఆవిడికీ ఇదే జబ్బు, పోయి ఆర్నెల్లు కానేదు. ఆవిడెక్కడికెల్లింది? ఊళ్ళో ఒక్కరికీ తెల్దు, ఒక్కరూ అడగనేదు మరి. హైమ ఆ రేత్రంతా లెక్కలేసుకున్నాదంట. తిరిగొచ్చినోళ్ళు ముగ్గురు, సరే, అసలెల్లినోళ్ళెంతమంది అనుకున్నాది. ఆ మాట మనసులో పడ్డాక ఇంక నిలవనిస్తాదా? మర్నాడు పారమ్మ బట్టీకెల్లగానే, మిట్టమద్దేన్నం ఎవరూ సూడకుండా కూర్మయ్య గడప తొక్కీసింది. అతగాడు మంచానికి నులక బిగిస్తన్నాడు. దీన్ని సూసి ఉలిక్కిపడి లేచీసేడు. "పారమ్మ కూతురివి కాదూ? పో పో, మీయమ్మ సూసిందంటే నాకు మూడినట్టే." ఈ గుంట కదల్దు. "సిన్నాన్నా, పిన్నిని ఎక్కడికి తీసుకెల్లేరు?" అనడిగీసింది. కూర్మయ్య మల్లీ మంచంకాడ కూకున్నాడు. నులక సేతికి సుట్టుకుంటాడు, ఇప్పుతాడు, మల్లీ సుట్టుకుంటాడు. ఆకరికి, మేమూ మద్రాసేనమ్మా అన్నాడు. మందు మంచిదే, డాట్రుబాబులూ మంచోళ్ళే, ఇరవయ్యొక్క రోజులకోపాలి రమ్మన్నారు, మందెక్కించుకుని పగలూ రేత్రీ రైల్లో రావాల, ఆ వాంతులు పగోడిక్కూడా వద్దు. మూడుపాల్లు ఎల్లేరంట. నాలుగోపాలి ఆవిడ, "నన్ను సంపీసినా సరే, రైలు మాత్రం ఎక్కను" అని మంచం కోడు పట్టుకుని కూకుందంట. కాళ్ళట్టుకున్నాను, ఎక్కనేదు అన్నాడు. "మరి ఇశాపట్నమైతే బతికేదా, సిన్నాన్నా?" అంటే, "అది నాకేటి తెలుసమ్మా? పొద్దున్నెల్లి పొద్దుగూకేసరికి ఇంటికొచ్చీసేది, అంతే. అయినా మమ్మల్నడిగినోళ్ళెవరు? నువ్వే మొదలు" అన్నాడంట.

హైమ ఇంటికొచ్చీసరికి పారమ్మ సంచీ సర్దీసింది, రెండు సీరలు, ఓ దుప్పటి. "మద్రాసుకి టికెట్టు తీసీవే" అన్నాది. "అమ్మా, ఇశాపట్నమెల్దామే" అన్నాది ఈ గుంట. పారమ్మ అలా సూసింది. "ఎవరు సెప్పేరే నీకు? ఎవరెల్లి తిరిగొచ్చేరు అక్కణ్ణుంచి?" ఇంకేటి సెప్తాది? కూర్మయ్య పేరు ఎత్తిందనుకో, సావింట్లో అడిగొచ్చిన దారిన నన్ను పంపుతావా అని పారమ్మ ఇశాపట్నం సరికదా, వాకిలి కూడా దాటదు. ఎత్తకుండా మద్రాసు తీసుకెల్లిందనుకో, నాలుగోపాలి ఆ తల్లి రైలెక్కుతాదో ఎక్కదో! అబద్దమాడి ఇశాపట్నమే తీసుకెల్లిందనుకో, అక్కడ గానీ కానిదైతే, నానే మాయమ్మని సంపీసేనని బతికినన్నాల్లూ కుమిలిపోతాది కదా. డాట్రమ్మ పది రోజులన్నాది, అందులో ఏడు రోజులు గుమ్మాలెంట తిరగడానికే అయిపోనాయి. మీరంతా పెద్దోళ్ళు, పిల్లల్ని కన్నోళ్ళు, నాను సెప్పినంతసేపూ ఊఁ కొట్టేరు. ఊఁ కొట్టడం కాదమ్మా, నోరిప్పి సెప్పండి. అక్కడ తల్లి సంచీ పట్టుకుని కూకుంది, ఈ గుంట ఇప్పుడేటి సెయ్యాల?