కదలని బల్ల

కొత్త ఇంట్లోకి సామాను చేరింది. తమ్ముడు చేసిచ్చిన భోజనాల బల్లను దింపించి, అలవాటుగా ఒక కాలి కింద అట్టముక్క దోపబోయాడు అన్న.

"ఆగండి, ఇక్కడ కదలట్లేదుగా!" అంది భార్య.

రెండు చేతులతో ఊపి చూశాడు. బల్ల రాయిలా నిలబడింది.

"అయితే వంకర పాత ఇంటి నేలదన్నమాట."

"మీ తమ్ముడు బల్ల తెచ్చిన రోజే అన్నాడు కదండీ, 'ఒకసారి నేల చూడన్నయ్యా' అని."

"అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట అని అందరి ముందూ నవ్వాను."

"తను చేసిన స్టూలు విరిగినప్పుడు వడ్రంగం మానలేదు, అలమర ఒరిగినప్పుడూ మానలేదు. ఈ బల్ల తర్వాతే రంపం ముట్టలేదు, పాపం."

"అవి వాడి తప్పులే, దిద్దుకున్నాడు. ఈ తప్పు నాది. వాడెలా దిద్దుకుంటాడు?"