గొట్టంలోంచి వచ్చిన మంద

డులూత్ వెళ్లే బస్సు టోవిలా ఊళ్లోనే ఆగిపోయింది. ముందు రోడ్డు లేదు, వెనక రోడ్డు లేదు, ఉన్నదంతా మంచూ గాలీను. డ్రైవరు డెల్బర్ట్ ప్రయాణికులందర్నీ దింపి ఆ ఊళ్లో స్థిరపడ్డ ఫిన్నులు కట్టుకున్న సమావేశాల హాల్లోకి తోలాడు. తీరా లోపలికొస్తే అక్కడా చలే. గోడవార ఉన్న పాత గ్యాసు హీటరు పొద్దున్నే ఆరిపోయిందట. హాలు చూసుకునే మిల్డ్రెడ్ పెర్కో కాఫీ మీద కాఫీ కాస్తోంది గానీ, కప్పు చేతికి వచ్చేసరికే సగం చల్లారిపోతోంది.

అందరికంటే ఇబ్బంది రోవీనాది. ఒళ్లో నెలల పిల్ల. ఉన్న దుప్పట్లన్నీ చుట్టినా పిల్ల ముక్కు ఎర్రబడిపోయింది. ఇందాకటి దాకా ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది. అది ఏడుపు మానేసినప్పట్నుంచీ హాల్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవడం లేదు.

అప్పుడొచ్చాడు రైనో కాంగస్, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కడే హీటర్ల మెకానిక్కు. పని తెలిసినవాడే. కాకపోతే నోరు నడిస్తే చేతులు ఆగిపోతాయి. ఆ సంగతి ఊళ్లోవాళ్లకి తెలుసు, బస్సులోవాళ్లకి తెలీదు.

వస్తూనే గ్యాసు కట్టేశాడు. హీటరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గోడ వెంట దిగిన గొట్టం అడుగున వేలాడుతున్న పొట్టి ముక్కకి రెంచి తగిలించాడు. దాని మూత విప్పి, కింద పరిచిన కాగితం మీదికి ఎర్రటి తుప్పు దులిపాడు.

పచార్లు చేస్తున్న డెల్బర్ట్ ఆగాడు. "అదేంటయ్యా, ఎక్కడికీ పోని గొట్టం? హీటరు పాడైతే దాని తోక పట్టుకున్నావేం?"

మిల్డ్రెడ్ దూరం నుంచే అడగొద్దు, అడగొద్దు అని తల ఊపింది. అప్పటికే రైనో మడమల మీదికి జారి తీరిగ్గా కూర్చున్నాడు.

"తోకా? తోకంటావేంటయ్యా బాబూ, ప్రాణమంతా అక్కడే ఉంటే! దీన్ని ట్రాప్ అంటారు. పైనుంచి గ్యాసొస్తుంది కదా, ఇదిగో ఇక్కడ పక్కకి తిరిగి హీటర్లోకి పోతుంది. గ్యాసు తేలిక, తిరగమంటే తిరుగుతుంది. గొట్టాల్లో తుప్పు, మరలు కోసినప్పుడు రాలిన ఇనప పొట్టు, తడి, వీటికి బరువెక్కువ, మలుపు తిరగడం చేతకాదు, తిన్నగా కిందికొచ్చి ఈ ముక్కలో పడి ఊరుకుంటాయి. ఇది లేకపోతే అదంతా హీటరు గొంతులోకి పోయి అడ్డం పడుతుంది. ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ మొదటి ట్రాప్ పెట్టిందెవరో తెలుసా?"

"నువ్వే అయ్యుంటావు," అంది మిల్డ్రెడ్. "చెయ్యి ఆడించు రైనో. ఇక్కడ పసిపిల్ల ఉంది."

"ఆడిస్తున్నానుగా." హీటరుని అంటించే చిన్న పైలట్ మంట సన్నగొట్టం ఊడదీసి, ఉఫ్ అని ఊది, మళ్లీ చేతిలోనే పెట్టుకున్నాడు. "పైన్ లేక్ ఒడ్డున హిల్యా మాకెలా అనే ఇల్లాలు ఉండేది. మహాతల్లి, ఈపాటికి పోయే ఉంటుందిలెండి. వాళ్లింట్లో హీటరు ఊరికే ఆరిపోయేది. ఆ ఏడు చలి ఎలాంటిదనుకున్నారు? చర్చిలో ఆవులించినవాడు ఏప్రిల్ దాకా నోరు మూయలేకపోయాడు. ముందు పట్నం నుంచి ఎవరో వచ్చి హీటరు మార్చమన్నారట. నేను వెళ్లాను. గొట్టం మీద చెవి పెట్టి విన్నాను. లోపల గరగర. ఇంకేముంది, దీనికి ట్రాప్ లేదమ్మా అన్నాను. జానెడు కూడా లేని ముక్క, ఇలాంటిదే, పెట్టి మూతేశాను. హీటరు పిల్లిలా గుర్రుమని వెలిగింది."

"బాగుంది," అన్నాడు డెల్బర్ట్. "ఇదీ అలాగే వెలిగించు."

"అక్కడితో అయిపోతే కథెందుకయ్యా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా ఆవిడ కబురు పెట్టింది. ట్రాప్ బరువెక్కి గోడ వంగుతోందని! వెళ్లి మూత విప్పాను. తుప్పు రాలేదు, ఇసుకొచ్చింది. తెల్లటి ఇసుక. అరచేతిలో పోసుకుంటే వేడిగా ఉంది!"

"వేడి ఇసుకా?" రోవీనా అడిగేసింది. చలిలో ఆ మాట ఒక్కటే ఆమె చెవిన పడినట్టుంది.

"వేడి కాక ఏమవుతుందమ్మా? మన గ్యాసు ఎక్కణ్ణుంచి వస్తోంది? టెక్సాస్ నుంచి. అక్కడి ఎండ ఎలాంటిది! ఇన్నేళ్లూ ఆ ఇసుకంతా దార్లో ఇళ్లల్లో కొంచెం కొంచెం పడి పోయేది. దేశం మొత్తానికి సరిగ్గా పెట్టిన ట్రాప్ అదొక్కటే అయ్యేసరికి, మొత్తం అక్కడికే చేరింది. బకెట్లతో ఎత్తి పెరట్లో పోశాం. పోసినచోట మంచు కరిగింది. గడ్డి మొలిచింది. జనవరిలో! ఒక ముళ్లజెముడు కూడా లేచి పువ్వు పూసింది."

"రైనో!" మిల్డ్రెడ్ కాఫీ గిన్నె దించి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ సన్నగొట్టం ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టు ముందు."

రైనో ఉలిక్కిపడి సన్నగొట్టం బిగించాడు. బిగించడం కాగానే రెంచి మళ్లీ గాల్లోకి లేచింది.

"మర్నాడు మూత విప్పితే టోపీ. ఇంత వెడల్పు అంచు, తోలు పట్టీ, నిక్షేపంగా ఉంది. దులిపి నెత్తిన పెట్టుకున్నానో లేదో, గొట్టంలోంచి గొంతు. 'అన్నా, పైన ఎవరైనా ఉన్నారా? నా టోపీ గానీ అటొచ్చిందా?' నేను గొట్టానికి నోరు పెట్టి, 'వచ్చింది బాబూ, ఎవరు నువ్వు?' అన్నాను. 'పశువులు కాసుకునేవాణ్ణి. టోపీ కోసం వంగాను, మందంతా నా వెనకే గొట్టంలోకి దిగిపోయింది,' అంటాడు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డెల్బర్ట్‌కి మాత్రం నవ్వు రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి, అద్దం మీది మంచు గోకి, బయట ఏమీ కనపడక తిరిగొచ్చాడు.

"ఈ బొటనవేలంత గొట్టంలో ఆవులెలా పడతాయయ్యా?"

"పక్కపక్కన నడిస్తే పట్టవు. నేనూ ఒప్పుకుంటాను. ఒకదాని వెనక ఒకటి వచ్చాయి." రైనో జాలిగా చూశాడు. "నువ్వు బస్సు తోలేవాడివి, నీకా మాత్రం తెలీదా? ఇక వినండి. మంద గొట్టంలో ఉంటే గ్యాసెలా కదులుతుంది? ఇటు డులూత్ ఆరిపోయింది, అటు ఫార్గో ఆరిపోయింది. గ్యాసు కంపెనీ పెద్దలు గడ్డాలు పట్టుకు కూర్చున్నారు. అప్పుడు హిల్యా అంది, రైనో, నువ్వే దిక్కు అని. సరే, మూత తీశాను. ముందు కొమ్ము కనపడింది. పట్టుకుని లాగాను. బుడుంగున ఒకావు బయటపడి, ఒళ్లు విదిలించుకుని, మామూలు సైజుకొచ్చి, నా వంక కోపంగా చూసింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. వంటింట్లో ఆవులు, పడగ్గదిలో ఆవులు, మెట్ల మీద ఎద్దు. హిల్యా చెంబు తీసుకుని పాలు పితికితే పొగలు కక్కుతున్నాయి. ఎండ ఇంకా పొదుగులోనే ఉంది మరి! ఆ పాలు తాగిన ముసలాళ్లు చొక్కాలు విప్పేసి సరస్సు మీద నాట్యం చేశారు. వాళ్ల కాళ్ల వేడికి సరస్సు కరిగింది. సరస్సు కరిగిందని ఎలుగుబంట్లు లేచి, ఎండాకాలం వచ్చేసిందనుకుని బొచ్చు రాల్చేసుకున్నాయి! ఇక వాటికి కోట్లు కుట్టించాల్సొచ్చింది."

"ఎలుగుబంట్లకి కోట్లు," అన్నాడు డెల్బర్ట్ నీరసంగా. "దేవుడా, ఈ పిల్ల నీలం రంగులోకి తిరిగేట్టుంది. వెలిగించవయ్యా!"

"వెలిగిస్తాను. అదే చెప్పబోతున్నా. ఆఖరికి ఏమైందో తెలుసా? చిట్టచివర గుర్రం మీద ఆ పశువులవాడే బయటికొచ్చాడు. టోపీ ఇచ్చాను. నా చెయ్యి పట్టుకుని, 'రైనో, నీ ట్రాప్ లేకపోతే ఈ దేశం సగం చలికి బిగుసుకుపోయేది,' అని ఏడ్చాడు. ఇదిగో, కథా అయిపోయింది, పనీ అయిపోయింది. చూడండి మీ హీటరు!"

ఒక చేత్తో అగ్గిపుల్ల తీసి, రెండో చెయ్యి గ్యాసు తిప్పే పిడి మీద వేశాడు.

"ఆగు."

ఆ గొంతు మూలనుంచి వచ్చింది. బస్సు దిగినప్పట్నుంచీ ఆకుపచ్చ ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని ఒక్క మాటా మాట్లాడకుండా కూర్చున్న ముసలావిడ. కర్ర ఆనించుకుని లేచి నిలబడింది.

"పిడి మీంచి చెయ్యి తియ్యి. ఆ కింద గొట్టానికి మూతేదయ్యా?"

అందరి కళ్లూ కిందికి తిరిగాయి. పొట్టి గొట్టం నోరు తెరుచుకుని ఉంది. మూత కాగితం మీద, తుప్పు పక్కన పడి ఉంది. రోవీనా పిల్లని గుండెకి హత్తుకుని, కుర్చీలోంచి లేచి, తలుపు దాకా వెళ్లిపోయింది.

రైనో పిడి వదిలేశాడు. అగ్గిపుల్ల ఎక్కడ పెట్టాలో తోచక నోట్లో పెట్టుకున్నాడు. "అమ్మా, మీరెవరు?"

"హిల్యా మాకెలాని. పైన్ లేక్ ఒడ్డు. ఇందాక నువ్వు చంపేశావే, ఆవిణ్ణి."

ఆవిడ కర్ర ఎత్తి గొట్టం వైపు చూపించింది.

"ట్రాప్ పెట్టావు, నిజమే. బాగానే పెట్టావు. అందులో ఇసుకా లేదు, టోపీ లేదు. పిడికెడు తుప్పు పడింది, అంతే. పెడుతున్నంతసేపూ ఎవరో పాస్టరు గారు తిమింగలాన్ని పట్టిన కథ చెప్పావు. చెబుతూ చెబుతూ మూత చేత్తో తిప్పి, బిగించకుండా వెళ్లిపోయావు. ఆ రాత్రి గ్యాసు వాసన వచ్చి ముందు మా పిల్లి లేచింది, తర్వాత నేను లేచాను. అప్పటికి మా ఆయన కళ్లు మూసుకునే నోట్లో సిగరెట్టు పెట్టుకుని అగ్గిపెట్టె తడుముకుంటున్నాడు. ఆ చెయ్యి నేను ఎలా పట్టుకున్నానో నాకే తెలీదు." ఆవిడ కూర్చుంది. "కథ బాగుంది. ముందు మూత పెట్టు."

రైనో మొహం తుప్పు రంగుకి తిరిగింది. నోట్లోని పుల్ల తీసి జేబులో పడేసి, మోకాళ్ల మీదికి వంగాడు.

ఆ తర్వాత హాల్లో వినపడిందల్లా గాలీ, రెంచి చప్పుడూ. గ్యాసు కారకుండా మరలకి ముద్ద రాశాడు, మూత తొడిగాడు, మెడ నరాలు ఉబ్బేలా బిగించాడు. మిల్డ్రెడ్ దగ్గర సబ్బునీళ్లు అడిగి తెచ్చుకుని, గ్యాసు వదిలి, ప్రతి అతుకు మీదా పూశాడు. బుడగ లేస్తుందేమోనని మొహం నేలకి ఆనించి చూశాడు. డెల్బర్ట్ కూడా పక్కనే నేల మీద పడుకుని చూశాడు. బుడగ లేవలేదు. అయినా రైనో మళ్లీ పూసి, మళ్లీ చూశాడు. అప్పుడు వెలిగించాడు.

నీలి మంట అంచు పొడుగునా పాకింది. హీటరు ఒళ్లు టకటకమని వేడెక్కింది. రోవీనాని తెచ్చి దాని ముందు కూర్చోబెట్టారు. ఒక్కో దుప్పటీ విప్పుతుంటే పిల్ల కాళ్లు కదిపింది, మొహం ముడిచింది, ఆకలేసి హాలు దద్దరిల్లేలా ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక డెల్బర్ట్ మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

రైనో సామాన్లు సర్దుకున్నాడు. వెళ్లిపోదామంటే మంచు దారివ్వదు. ఉందామంటే ఎవరి వంకా చూడబుద్ధి కాదు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాడు. చివరికి మిల్డ్రెడ్ దగ్గర ఒక కప్పు కాఫీ తీసుకుని, రెండు చేతుల్తోనూ పట్టుకుని, మూల కుర్చీ దగ్గరికి వెళ్లాడు. హిల్యా కప్పు అందుకుంది. అతను పక్కనే నిలబడ్డాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. అంతసేపు మాట్లాడకుండా ఉండటం అతని వల్ల అవుతుందని ఊళ్లో ఎవరూ అనుకోలేదు.

కాలేదు కూడా.

"హిల్యా గారూ."

"ఊ."

"ఆ రోజు మూత..." గొంతు తగ్గించాడు, కానీ హాలంతా చెవులు రిక్కించింది. "మర్చిపోయి కాదండీ. మందలో ఒక దూడ వెనకబడిపోయింది. పాపం, అది కూడా బయటికి రావాలి కదా అని వదులుగా ఉంచాను."

హిల్యా కాఫీ ఒక గుక్క తాగి, కప్పు ఒళ్లో పెట్టుకుంది.

"వచ్చిందయ్యా దూడ," అంది. "నీకంటే అదే నయం. రాగానే ముందు మూత బిగించింది."