రంగుల షెడ్డు బావి వెలిగిన కథ

ఎమ్మిగనూరులో హుసేనమ్మ టీ బంకు దగ్గర వెంకటేశులు నోరు తెరిచాడంటే పాలు పొంగిపోయినా ఎవరికీ పట్టదు. నీళ్లు పరీక్ష చేసే సార్లకు నెల కింద జీపు తోలినవాడు, ఆ ఒక్క పూటను ఇప్పటికీ దేవుడి కథంత గంభీరంగా చెబుతాడు. ఆ కథ చెవిన పడ్డాకే హులిగెమ్మ దూరపు కొళాయి మానుకుని, నూలుకు అద్దకం చేసే రంగుల షెడ్డు బావి నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు మనమరాలికి కడుపునొప్పి పట్టుకుంది. బావి నిజంగా బాగుపడిందో లేదో వాడి నోటే విందామని, నిండు బిందె చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది.

"నేను సేసిందేముందిలేన్నా, టార్చి పట్టుకున్నా అంతే," అన్నాడు వెంకటేశులు వినయంగా. "ఆ బావిలో సేపపిల్లను పట్టి సారు ఒక సుక్క మందు ఏసినాడు. నీలం లైటు కొడితే, సీసమట్లాంటి విషం ఒంట్లో యాడుంటే ఆడ పచ్చగా మెరుస్తాది. దాని కడుపు మిణుగురు పురుగు మాదిరి ఎలిగింది."

"బతికే ఉండిందా?" అన్నాడు మగ్గం నేసే ఉచ్చీరప్ప.

"ఈదులాడతాండాది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిగిలిన మందంతా నేను బావిలో గుమ్మరిస్తి. బావి బావంతా భగ్గుమనె, ఆ ఎలుగు ఆదోని దాకా పోయె, ఆడ తెల్లారిందనుకోని కోళ్లు కూసె, పత్తి మార్కెట్టు గేట్లు తీసిరి, షావుకార్ల కడుపుల్లో విషం సొక్కాల మీదికే కనపడె!"

"షావుకార్లకు గూడానా?"

"విషానికి పేదా గొప్పా ఉంటాదా అన్నా," అన్నాడు కళ్లు మూసుకుని. "ఆ సీసమంతా నేనే జల్లెడతో దేవినా. రెండు ట్రాక్టర్లాయె. ఇప్పుడా నీళ్లు తుంగభద్ర కన్నా తీపి."

హులిగెమ్మ మనసు కుదుటపడబోయి ఆగిపోయింది. బిందె దించి, హుసేనమ్మనడిగి గ్లాసు తీసుకుని, నింపి వాడి ముందు పెట్టింది.

"ఆ బావివే అప్పా. తాగు."

వెంకటేశులు గ్లాసు వైపు చూశాడు. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

"ఇప్పుడే టీ తాగినా కదవ్వా."

"సరేలే, పాపకు తాపుతా," అని ఆమె గ్లాసు అందుకోబోయింది. వాడు చటుక్కున దాని మీద అరచెయ్యి మూశాడు.

"వద్దవ్వా. ఈ నీళ్లు తాగొద్దని ఊళ్లో సెప్పమని, సార్లు ఆ పొద్దే నాకు సెప్పిపోయినారు."

ఎవరికీ నవ్వు రాలేదు. హులిగెమ్మకు కోపం కంటే భయమే ముందొచ్చింది.

"నీ కథ నెల నుంచీ వీధి వీధీ తిరుగుతాంది," అంది. "ఈ ఒక్క మాట మాత్రం నీ నోట్లోనే ఉండిపాయ కదప్పా. నా మనమరాలు నెల నుంచీ ఇవే నీళ్లు తాగుతాంది."